ఉడికించిన పాలు ఎక్కడ పారబోశారు?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. మా మావయ్యగారికి డెబ్భై దాటాయి. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. మూడు నెలల కిందట సంతలో ఒకాయన ముష్టి గింజలిచ్చి, ఆవుపాలలో ఉడకబెట్టి, పొట్టు తీసి, పొడి కొట్టి, బెల్లంలో ఉండ చేసి రోజూ పొద్దున్నే మింగమన్నాడట. పాలలో ఉడికితే విషం విరిగిపోతుందన్నాడట. ఈయన అలాగే చేస్తున్నారు. కాళ్ళలో సత్తువ వచ్చిందంటున్నారు. నేను వద్దంటే, "కొచిలాఖాయి పిట్ట రోజూ తింటోంది, దానికేమైంది?" అంటారు. పోయిన వారం ఆ ఉడికిన పాలు పెరట్లో పారబోస్తే మా కుక్క నాకింది. గంట తిరక్కుండా కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. గిన్నె చప్పుడైనా ఎగిరెగిరి పడింది. కాసేపటికి చచ్చిపోయింది. పాము కరిచిందంటున్నారు మావయ్యగారు. ఇంకో భయం కూడా ఉంది. వానాకాలంలో గెడ్డనీళ్ళు తేటపడడానికి బిందెలో చిల్లగింజ అరగదీస్తాం. చిల్లా ముష్టీ ఒకే జాతి అని ఫోన్‌లో ఉందట, మా అమ్మాయి చెప్పింది. అంటే ఇన్నేళ్ళూ విషం తాగామా? రెండు గింజలూ ఒకే డబ్బాలో ఉన్నాయి. నేను తెలుగు చదివాను గానీ మా పిల్లలిద్దరిదీ ఒడియా బడి, తెలుగు అక్షరాలు రావు. ఏం చెయ్యమంటారు?
— ఒక కోడలు

సమాధానం:

అమ్మా, ఇది చదివిన పూటే ఆ ఉండలు ఆపించండి. మిగతాది నెమ్మదిగా చదువుకోవచ్చు. ఆపేస్తే మావయ్యగారికి కొత్తగా వచ్చే ఇబ్బందేమీ లేదు. అలవాటు పడ్డ మందు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమంటారే, ఇది అలాంటిది కాదు.

మీ కుక్కని పాము కరిచిందో లేదో చూడకుండా నేను చెప్పలేను. కానీ మీరు రాసిన లక్షణాలు పాముకాటు కన్నా ముష్టికే ఎక్కువ సరిపోతాయి. కాళ్ళు కర్రల్లా బిగుసుకోవడం, చిన్న చప్పుడుకే ఒళ్ళంతా ఎగిరిపడడం, కాసేపట్లోనే ప్రాణం పోవడం, ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించాల్సింది స్ట్రిక్నిన్‌నే. ముష్టి గింజలో ఉండే ఆల్కలాయిడ్, అంటే చెట్లలో పుట్టే క్షారగుణమున్న పదార్థం, అదే. వీధికుక్కల్ని చంపడానికి ఒకప్పుడు మన ఊళ్ళల్లో పెట్టిన మందూ ఇదే. కాబట్టి మీ ఇంట్లో జరిగింది వింతేమీ కాదు. పాలు ఆ గింజల్లోంచి ఏం తీశాయో కుక్క చూపించింది.

మావయ్యగారి నమ్మకం ఎక్కడ తప్పిందో కూడా అక్కడే తెలుస్తుంది. పాలలో ఉడికిస్తే విషం "విరిగిపోతుంది" అన్నాడు సంత ఆయన. విరగలేదు, చోటు మారింది. గింజలో ఉన్నదాంట్లో కొంత పాలలోకి వెళ్ళింది, పాలు పెరట్లోకి వెళ్ళాయి, పెరట్లోంచి కుక్క కడుపులోకి వెళ్ళింది. మిగిలింది గింజలోనే ఉంది, రోజుకింత చొప్పున మావయ్యగారి కడుపులోకి వెళ్తోంది.

ఉడికిస్తే ఎందుకు చావదంటారా? చచ్చేది ప్రాణం ఉన్నవి. పురుగు చస్తుంది, సూక్ష్మజీవి చస్తుంది. ఇది ప్రాణి కాదు, పదార్థం. స్ట్రిక్నిన్ అణువులో 21 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. వీటితో ఏర్పడ్డ ఏడు వలయాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు 1818లో దీన్ని వేరుచేశారు. ఆ అల్లిక ఎలా ఉంటుందో సరిగ్గా గీయడానికి 1946 దాకా పట్టింది. గీసినాయన రాబర్ట్ రాబిన్సన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త. 1954లో వుడ్‌వర్డ్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో దాన్ని మొదటి నుంచి కట్టి చూపించాడు. క్లాసులో బోర్డు మీద ఆ బొమ్మ వేసినప్పుడల్లా ఒక గీత ఎక్కడో తప్పేవాణ్ణి, పిల్లలే దిద్దేవాళ్ళు. అంత గట్టి అల్లిక మీ పొయ్యి మీద పాలు మరిగే వేడికి విడిపోదు. పాలు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. స్ట్రిక్నిన్ స్ఫటికం కరగాలంటేనే 280 డిగ్రీల దాకా వెళ్ళాలి. ఆవిరై ఎగిరిపోయేదీ కాదు.

నీళ్ళల్లో కూడా ఇది సరిగ్గా కరగదు. ఒక గ్రాము కరగడానికి ఆరు లీటర్లకు పైగా చన్నీళ్ళు కావాలి, మరిగే నీళ్ళయినా మూడు లీటర్లు పడతాయి. కొవ్వు అంటే మాత్రం దీనికి ఇష్టం. పాలలో వెన్న ఉంటుంది, పట్టుకుని ఉంచే మాంసకృత్తులూ ఉంటాయి. అందుకే ఒట్టి నీళ్ళకన్నా పాలు దీన్ని బాగా లాగుతాయి. పాతకాలం వైద్యులకు అణువుల సంగతి తెలియకపోయినా ఈ గుణం తెలుసు. ఆయుర్వేదంలో దీన్ని కారస్కరం, కుపీలు, విషతిందుకం అంటారు. శుద్ధి అంటే ఒక్క ఉడుకు కాదు. వారం రోజులు గోమూత్రంలో నానబెట్టాలి, రోజూ మార్చాలి, తర్వాత పాలలో గంటల తరబడి ఉడకాలి, పైతోలు, లోపలి మొలక తీసేయాలి, నేతిలో వేయించాలి. మార్చిన ద్రవమల్లా పారబోయాలి. అంత చేశాక విషం తగ్గుతుంది, పోదు. ఎక్కువసేపు వేడి తగిలితే కొంత భాగం రూపం మార్చుకుని ఐసోస్ట్రిక్నిన్ లాంటి తక్కువ విషమున్న పదార్థాలవుతుంది. అందుకే శుద్ధి చేసిన పొడిని కూడా ఆయుర్వేద వైద్యులు మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. విషం పూర్తిగా పోయి ఉంటే మిల్లీగ్రాములు లెక్కపెట్టుకోవాల్సిన పనేముంది?

మన దేశపు మందుల నియమాల్లోనూ ముష్టి గింజ ఇ(1) షెడ్యూల్‌లో ఉంది. అంటే విషపదార్థాల పట్టిక. ఇది కలిసిన మందు సీసా మీద, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలనే హెచ్చరిక అచ్చు వేయాలి. సంతలో పొట్లం మీద ఆ ముక్క ఎవరేస్తారు?

కాళ్ళలో సత్తువ వచ్చిందన్నారు కదా, ఆ మాట అబద్ధం కాదు. అదే ఇందులో మోసం. మన వెన్నుపాములో కండరాల్ని ఆపే ఏర్పాటొకటి ఉంటుంది. బండికి బ్రేకు లాంటిదనుకోండి. చేయి మడిచినప్పుడు వెనక కండరం వదులయ్యేది దాని వల్లే. ఆ బ్రేకు పని చేయడానికి గ్లైసిన్ అనే పదార్థం వచ్చి తన పీట మీద కూర్చోవాలి. స్ట్రిక్నిన్ వచ్చి ఆ పీట ఆక్రమిస్తుంది. గ్లైసిన్‌కి చోటుండదు, బ్రేకు పడదు. కొంచెం ఆక్రమిస్తే కండరాలు చురుగ్గా, బిగువుగా అనిపిస్తాయి. మావయ్యగారికి తెలుస్తున్న సత్తువ అదే. మోకాలి గుజ్జు ఏమాత్రం బాగుపడలేదు, బ్రేకు సగం లూజయింది, అంతే. ఘాట్ రోడ్డులో దిగే లారీ కూడా అలాగే హుషారుగా పోతుంది.

ఈ హుషారు కోసమే ఒకప్పుడు ఇంగ్లీషు వైద్యులూ టానిక్కుల్లో దీన్ని కలిపారు. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్ మారథాన్‌లో థామస్ హిక్స్ అనే ఆయన సత్తువ తగ్గి తూలిపోతుంటే, వెంట ఉన్నవాళ్ళు దారి మధ్యలోనే స్ట్రిక్నిన్ ఇచ్చి పరిగెత్తించారు. ఆయన గెలిచాడు, గీత దాటాక కూలిపోయాడు. ఇప్పుడు ఆటగాళ్ళకి నిషేధించిన మందుల్లో ఇదొకటి. వయసులో ఉన్న పరుగుపందెం మనిషినే అలా చేసింది, డెబ్భై దాటిన మనిషి కాలేయం దీన్ని విరగ్గొట్టి బయటికి పంపడానికి ఎంత కష్టపడుతుందో చూడండి.

ఇక మోతాదు. ఆయన "రోజూ ఒకే ఉండ" అంటారేమో. ఉండ ఒకటే, అందులో ఉన్నది ఒకటే కాదు. గింజ బరువులో నూటికి రెండు, మూడు వంతులు ఆల్కలాయిడ్లే, స్ట్రిక్నినూ దాని చెల్లెలు బ్రూసినూ కలిపి. చెట్టుకీ చెట్టుకీ, గింజకీ గింజకీ అది మారుతుంది. ఈసారి గంట ఉడికింది, వచ్చేసారి కట్టెలు తడిగా ఉండి అరగంటే ఉడుకుతుంది. మేలు చేస్తుందనుకునే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య తేడా మిల్లీగ్రాముల్లో ఉన్నప్పుడు, ఇంట్లో రోకలితో దంచి వేళ్ళతో చుట్టే ఉండకి లెక్కేమిటి?

ఇంకో సంగతి. ఈ పదార్థం ఎంత చేదంటే, నీళ్ళల్లో పది లక్షల వంతుల్లో ఒక వంతున్నా నాలుక పట్టేస్తుంది. ఆ చేదు మనకి కాపలా కుక్క లాంటిది. బెల్లంలో చుట్టి మింగడమంటే ఆ కుక్క నోరు కట్టేయడమే.

మావయ్యగారి పిట్ట వాదనకి నేను ముచ్చటపడ్డాను. తెలుగువాళ్ళింట్లో ఒడియా పేరుతో వాదన రావడం మన సరిహద్దు ఊళ్ళలోనే సాధ్యం. కొచిలా అంటే ముష్టి, ఖాయి అంటే తినేది. పేరు నిజమే, ఆ పెద్దముక్కు పిట్ట ముష్టిపండు తింటుంది. కానీ ఏం తింటుందో ఆయన్నే గమనించమనండి. పండు నారింజ రంగులో, చిన్న బత్తాయంత ఉంటుంది. గట్టి పెంకు లోపల తెల్లటి జిగురు గుజ్జు, ఆ గుజ్జులో గింజలు. పిట్ట కావాలనుకునేది గుజ్జు. నమలడానికి దానికి పళ్ళు లేవు. గింజ రాయిలాంటిది, చెక్కుచెదరకుండా నోట్లోంచో రెట్టలోంచో బయటపడుతుంది. మరోచోట చెట్టు మొలవాలని గింజ అంత గట్టిగా, అంత చేదుగా పుట్టింది. ఆ పిట్ట ఏనాడూ గింజని పాలలో ఉడికించి, పొడి కొట్టి, బెల్లంలో పెట్టుకుని తినలేదు. ఈ ముక్క మీ మాటగా కాక నా మాటగా చెప్పండి. కోడలు చెప్తే ఒకలా, ముసలి మాస్టారు చెప్తే ఒకలా వినిపిస్తుంది మన ఇళ్ళల్లో.

చిల్లగింజ సంగతికి వద్దాం. మీ అమ్మాయి చదివింది నిజమే, పొరపాటేమీ లేదు. రెండిటికీ ఇంటిపేరు ఒకటే, స్ట్రిక్నోస్. ముష్టి స్ట్రిక్నోస్ నక్స్‌వామికా, చిల్ల స్ట్రిక్నోస్ పొటాటోరం. పొటాటోరం అంటే తాగేవాళ్ళది అని అర్థం, నీళ్ళు తేటపరిచే గుణం చూసే ఆ పేరు పెట్టారు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కానక్కర్లేదు. ఏ ఇంట్లో అన్నదమ్ములు ఒక్కలా ఉన్నారు కనుక? చిల్లగింజకి పేరున్న ఆల్కలాయిడ్ డయాబొలిన్ అనే వేరే పదార్థం. ముష్టిలోలాగ స్ట్రిక్నిన్ పేరుకుపోయే గింజ కాదది. చిల్లపండు నల్లగా, గోళీకాయంత ఉంటుంది, పిల్లలు గుజ్జు తింటారు కూడా. కాబట్టి ఇన్నేళ్ళూ విషం తాగామన్న దిగులు వదిలేయండి.

బిందె లోపల అరగదీసినప్పుడు జరిగేది కూడా ఆల్కలాయిడ్ల పని కాదు. గెడ్డనీళ్ళ ఎరుపు సన్నటి బంకమట్టి రేణువులది. ఒక్కో రేణువు మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది గనక ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందికి దిగవు. చిల్లగింజలో ఉన్న మాంసకృత్తులూ, జిగురులాంటి పొడుగాటి చక్కెర గొలుసులూ ఆ రేణువుల్ని పట్టి గుంపులుగా కడతాయి. గుంపు బరువెక్కి అడుక్కి దిగుతుంది. తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి. పటిక చేసే పని ఇదే. కానీ తేటపడ్డ నీళ్ళు శుభ్రమైన నీళ్ళు కావు. కంటికి కనిపించే మట్టి దిగింది, కనిపించని సూక్ష్మజీవులు చాలావరకు మిగిలే ఉంటాయి. పైన తేరిన నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, తెర్లించి, చల్లార్చి తాగండి. మరిగించినా విషం పోని గింజల్ని పాలలో మరిగిస్తూ, తప్పకుండా మరిగించాల్సిన నీళ్ళని వదిలేస్తున్నాం మనం.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆ ఒక్క డబ్బా. మన్యంలో గిరిజనులు రెండు గింజలూ ఏరి అమ్ముతారు, సంతలో రెండూ పక్కపక్కనే కుప్పలుంటాయి. చూపుకి తేడా సులువే. ముష్టి గింజ చొక్కా బొత్తాంలా చదునుగా, గుండ్రంగా, రూపాయి నాణెమంత ఉంటుంది. బూడిదరంగు, మీద పట్టులా మెరిసే సన్నటి నూగు, వేలితో రాస్తే నునుపు. ఒకవైపు కొంచెం గుంట. చిల్లగింజ దానికన్నా బాగా చిన్నది, ఉబ్బెత్తుగా, పసుపు కలిసిన లేత రంగులో ఉంటుంది. పగటివెలుగులో ఎవరూ పొరబడరు. చీకట్లో, కరెంటు పోయినప్పుడు, వాన కురుస్తుంటే, హడావిడిలో డబ్బాలో చేయి పెట్టి తీసిన గింజని బిందెలో అరగదీస్తే? అందుకని ఏరి వేరు చేసే పని పెట్టుకోకండి. డబ్బా డబ్బాగా తీసేయండి. ముష్టిపొడి రాలి చిల్లగింజలకి అంటి ఉండొచ్చు. కొత్త చిల్లగింజలు సంతలో దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు.

పారేసేటప్పుడు పెంట మీద వేయకండి, గెడ్డలోనూ వద్దు. కోళ్ళూ మేకలూ చేరని చోట మోకాలిలోతు గొయ్యి తీసి పూడ్చండి. పాలు పోసిన చోట పైమట్టి కూడా ఎత్తి అందులోనే వేయండి. ఉడికించింది మట్టికుండ అయితే పగలగొట్టి పూడ్చేయండి, మట్టి పీల్చుకున్నది కడిగితే పోదు. లోహపు గిన్నె అయితే సబ్బుతో, వేడినీళ్ళతో మూడు నాలుగుసార్లు తోమండి. నేనైతే దాన్ని వంటకి మాత్రం వాడను. పొడి కొట్టిన రోలు సంగతి మీరు రాయలేదు. కారం దంచే రోలే అయితే ఎన్నిసార్లు కడిగినా నాకు ధైర్యం చాలదు.

ఆపేలోపే ఏదైనా జరిగితే అన్న భయం మీకుంటుంది. మొదట కనిపించేవి దవడ, మెడ పట్టేసినట్టుండడం, ఊరికే ఉలిక్కిపడడం, పిక్కల్లో కండరాలు అదరడం. ఇవి కనిపిస్తే ముదిరేదాకా చూడకండి. ముదిరితే ఒళ్ళు విల్లులా వంగుతుంది. ధనుర్వాతంలాగే ఉంటుంది, కారణం కూడా దగ్గరిదే. ధనుర్వాతం విషం గ్లైసిన్‌ని బయల్దేరనివ్వదు, ముష్టి విషం వచ్చిన గ్లైసిన్‌ని కూర్చోనివ్వదు. మూర్ఛకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇందులో మనిషికి తెలివి ఉంటుంది. అన్నీ తెలుస్తూనే ఒళ్ళు బిగుసుకుంటుంది, ఊపిరి తీసే కండరాలు కూడా బిగిస్తే ప్రాణం పోతుంది. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టడం, చెంపలు కొట్టడం, నలుగురు చేరి కాళ్ళు చేతులు అదిమిపట్టడం మన అలవాటు. ఇక్కడ ఆ తాకిడే, ఆ అరుపులే ఇంకో బిగింపు తెస్తాయి. మాట్లాడకుండా, చీకటిగా, కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకండి. చింతపండు రసం, మజ్జిగ ఏదీ పోయకండి. పులుపు విరుగుడని మనవాళ్ళ నమ్మకం గానీ, ఆల్కలాయిడ్ అంటేనే క్షారగుణమున్నది, పులుపు తగిలితే లవణంగా మారి ఇంకా సులువుగా కరుగుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. కానీ ఆసుపత్రిలో కండరాలు వదులయ్యే మందులిచ్చి, అవసరమైతే మిషనుతో ఊపిరాడించి, మొదటి రోజు గట్టెక్కిస్తే చాలామంది బతుకుతారు. వెళ్ళేటప్పుడు ఒక గింజో, ఒక ఉండో పొట్లం కట్టి తీసుకెళ్ళి "ముష్టి, కొచిలా" అని రెండు పేర్లూ చెప్పండి. డ్యూటీలో ఏ భాష డాక్టరు ఉంటాడో తెలీదు కదా.

మోకాళ్ళకి ముందు ఒక ఎక్స్‌రే తీయించండి. అరుగుదలా, వాపా, ఇంకేమైనానా అన్నది తెలియకుండా ఏ మందు గురించీ నేను మాట్లాడను. ఆయనకి ఆయుర్వేదం మీదే గురి ఉంటే పేచీ పెట్టుకోకండి, చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. మూడు నెలలుగా ఏం మింగుతున్నారో మాత్రం దాచకుండా చెప్పించండి. హోమియో నక్స్‌వామికా మాత్రలు కూడా ఎవరైనా ఇస్తారేమో. బాగా పలచన చేసిన తీపి మాత్రల్లో అసలు పదార్థం మిగలదు గనక వాటితో ఈ భయం లేదు. చుక్కల మందు, అందులోనూ మూల ద్రావణం అయితే అది పలచన చేయని ముష్టి సారమే.

కొత్త చిల్లగింజలు తెచ్చాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి పేరు రాసి అంటించండి. మీరు తెలుగులో రాయండి, కింద మీ అమ్మాయి చేత ఒడియాలో రాయించండి. బిందె దగ్గరికి వానరోజున ముందు వెళ్ళేది ఆ పిల్లలే కదా.